శుక్రవారం ప్రార్థనకు వెళ్ళిన శాలువా

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేను నర్సుని. పోయినవాళ్ళ కళ్ళు మూసి, ముక్కులో దూది పెట్టి, మార్చురీకి పంపించి, వెనక్కొచ్చి అదే వార్డులో టీ తాగినదాన్ని. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క దయ్యమూ నా జోలికి రాలేదు.

స్వస్థత కూటాలన్నా నాకు అంతే. మాది నరసాపురం దగ్గర. పుట్టుకతో క్రైస్తవురాలిని, ప్రార్థన చేసుకోనిదే డ్యూటీకి బయల్దేరను. కానీ స్టేజీ మీద చేతికర్ర పారేసి గంతులేసేవాళ్ళను చూస్తే, ముందు కేస్ షీటు చూపించు నాయనా అనాలనిపించేది. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది నేను సరదాపడి చెప్పడం లేదు.

అప్పటికి మెట్రో ఇంకా ఢిల్లీ పక్కనున్న వైశాలి దాకా రాలేదు. మేం అక్కడ పై అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన ప్రభాకర్ నోయిడాలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేవారు. ఆ చలికాలం ఆయనకు కామెర్లు వచ్చాయి. తగ్గిపోతాయిలే అనుకున్నాం. తగ్గలేదు సరికదా లివర్ మీద పడింది. నేను పనిచేసే ఆసుపత్రిలోనే ఐసీయూలో చేర్చాం.

డాక్టరు నా భుజం తట్టి "హోప్ ఫర్ ది బెస్ట్, సిస్టర్" అన్నారు. ఆ మాట మేం ఎలాంటివాళ్ళకు చెబుతామో నాకు తెలియదా? అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను.

మా వదిన, అంటే మా ఆయన అక్క, సాయానికని ఊరి నుంచి వచ్చింది. ఢిల్లీ రావడం ఆమెకు అదే మొదటిసారి.

లక్ష్మీనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన అద్దె హాల్లో మా తెలుగు సంఘం నడిచేది. రోగుల కోసం ప్రార్థన చేయడమే మా పాస్టరు అయ్యగారి సువార్త పని. ఆదివారం మధ్యాహ్నాలు కొంతమందిని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. ఏ మతం వాళ్ళయినా సరే, మంచంలో ఉన్నవాళ్ళుంటే ప్రార్థన చేస్తాం అని అడిగేవారు. మా కింద ఫ్లాట్లో ఒక పెద్దావిడ పక్షవాతంతో ఉండేది, అందరూ దాదీ అనేవాళ్ళు. మేం ఆ ఇంటికి రాకముందే ఆమెకు ఎడమవైపు పడిపోయింది, మాట కూడా సరిగా వచ్చేది కాదు. ఆ ఇంటివాళ్ళు మాత్రం మాకొద్దు భయ్యా అని మర్యాదగా తలుపేసుకున్నారు.

ఐసీయూలోకి సంఘాన్ని రానివ్వరు కదా. అలాంటప్పుడు మావాళ్ళకు ఒక పద్ధతి ఉంది. రోగి కట్టుకున్న బట్ట ఏదైనా తెప్పిస్తారు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో దాన్ని మధ్యలో పరిచి, నూనె రాసి, అందరూ చేతులుంచి రోగి పేరెత్తి ప్రార్థిస్తారు. తర్వాత ఆ బట్టను తెచ్చి రోగి తలకింద పెడతారు.

మా ఆయన ఇంట్లో కప్పుకునే గోధుమరంగు శాలువా తీసుకెళ్ళమని వదినకు చెప్పాను. నాకు పెద్ద నమ్మకం ఉండి కాదు. ఆ పరిస్థితిలో మనిషి దేన్నీ వద్దనదు.

శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక, ఆ సాయంత్రం వదిన శాలువా తెచ్చింది. ఇన్‌ఛార్జి సిస్టర్‌ని బతిమాలి ఆయన దిండు కింద పెట్టాను. మర్నాటికి ఆయన నన్ను గుర్తుపట్టలేదు. కళ్ళు తెరిచారు గానీ ఆ చూపు నా మీద నిలవలేదు. అది ఏ దశో నాకు తెలుసు. ఆ తెలియడమే నన్ను చంపేసింది.

స్నానం చేసి బట్టలు మార్చుకుందామని ఇంటికి వెళితే, మెట్ల దగ్గర కింది ఫ్లాట్ భాభీ, దాదీ కోడలు, నన్ను ఆపింది. దాదీ లేచి కూర్చుందంది. నిన్న మధ్యాహ్నం తను వంటింట్లో ఉంటే, దాదీ గదిలోంచి స్పష్టంగా మంచినీళ్ళు అడిగిందట. వెళ్ళి చూస్తే మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉందట. ఆ సంతోషంలోనే ఇంకో మాట అడిగింది. ఎండలో వేసిన దాదీ శాలువా కనబడటం లేదు, పొరపాటున మీ బట్టల్లో కలిసిందా అని.

నేను మేడ మీదికి పరిగెత్తాను. చలికాలంలో అక్కడ అందరూ రజాయిలు, శాలువాలు మేడ మీదే ఆరేస్తారు. మా ఆయన శాలువా తీగ మీద అలాగే ఉంది. ఉన్ని బట్టలు ఎరగని మా వదిన, పక్కనే ఉన్న అదే రంగు శాలువా పట్టుకుపోయింది.

ఎలా దిగానో తెలియదు, దాదీ గదిలోకి వెళ్ళాను. ఆమె నన్ను చూడగానే అడిగింది: "ప్రభాకర్ కౌన్ హై, బేటీ?"

ప్రభాకర్ ఎవరని! ఆ పేరు ఆమెకు తెలిసే దారి లేదు. ఆ ఇంట్లో మా ఆయన భాయీసాబ్, నేను సిస్టర్. మా తలుపు మీద కూడా ఓనరు పేరే ఉండేది. నిన్న చాలామంది వచ్చారు అంది దాదీ. ఆడవాళ్ళందరికీ తలమీద ముసుగు ఉందట. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారట, ఆమె మీద చేతులు పెట్టి ప్రభాకర్, ప్రభాకర్ అని పిలిచారట. "ముట్టయ్యా, ముట్టయ్యా" అని ఆమె నాకు అని చూపించింది. తెలుగు ముక్క రాని మనిషి; అది మా ప్రార్థనల్లో రోగిని ముట్టమని ప్రభువును వేడుకునే మాట. ఒకామె తన కాళ్ళ దగ్గర కూర్చుని చాలా ఏడ్చిందట, ఆమెను ఓదార్చండి అని కూడా చెప్పింది.

భాభీ ఇబ్బందిగా నవ్వి, నిన్నటి నుంచి ఇదే గొడవ, ఇంటికి ఎవరూ రాలేదు అంది. ప్రభాకర్ మా ఆయన అని చెప్పి నేను బయటికొచ్చేశాను.

పేరు సంగతంటారా, మా వదిన ఇంట్లో గట్టిగా ప్రార్థన చేస్తుంది, కిందికి వినబడి ఉండొచ్చు. నేను అదీ ఆలోచించాను. కానీ ఆసుపత్రికి వెళ్ళి వదినను అడిగితే, హాల్లో తను ఎక్కడ కూర్చుందో చెప్పింది. శాలువా కింది అంచు పట్టుకుని, ప్రార్థన అయ్యేదాకా ఏడుస్తూనే ఉందట. శాలువా మారిందని చెప్పగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నా తమ్ముణ్ణి నేనే చంపుకున్నానా మేరీ" అంది.

అయ్యగారికి ఫోన్ చేస్తే సంతోషంతో దేవునికి స్తోత్రం అన్నారు. ఇది గొప్ప సాక్ష్యం, ఆ కుటుంబానికి చెప్పాలి అన్నారు. మరి మా ఆయన సంగతేంటి అన్నాను. దేవుడికి మన అడ్రస్‌లు అక్కర్లేదమ్మా అన్నారు. నాకు తిక్కరేగింది. "అడ్రస్ అక్కర్లేనప్పుడు శాలువా ఎందుకు అడిగారు అయ్యగారూ?" అన్నాను. దానికాయన, అసలు శాలువా పంపించమ్మా, ఇప్పుడే అందరినీ పిలుస్తాను అన్నారు.

పాపం, పిలిచారు. మా సంఘంలో డ్యూటీ దిగిన నర్సులు నిద్ర లేకుండా వచ్చి, అదే నూనెతో, అదే పేరుతో ప్రార్థించారు. నేను ఐసీయూలో ఆయన చెయ్యి పట్టుకుని మానిటర్ వైపే చూస్తూ కూర్చున్నాను. ఏదో ఒకటి మారుతుందని చూశాను. ఏమీ మారలేదు. ఆదివారం ఆరాధన వేళకు ఆయన పోయారు.

దాదీ గురించి మా న్యూరాలజీ డాక్టరును అడిగాను. అరుదుగా అలా కోలుకుంటారు సిస్టర్ అన్నారు. మా ఆయనకొచ్చిన జబ్బులో ఎక్కువమంది పోతారని నాకూ తెలుసు. రెండూ విడివిడిగా చూస్తే వింతేమీ లేదు. ఆ పేరు, ఆ మాట, కాళ్ళ దగ్గర ఏడ్చిన మనిషి, వీటికి మాత్రం నాకు ఇప్పటికీ అర్థం దొరకలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక దాదీ రెయిలింగు పట్టుకుని మెల్లగా మా ఇంటికి ఎక్కి వచ్చింది. నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. తర్వాత తలవంచుకుని హిందీలో చెప్పింది.

"నేను ప్రభాకర్‌ని కాదు అని వాళ్ళతో చెప్పాను బేటీ. ఎవరూ వినలేదు. మళ్ళీ చెప్పాను. అంతలో నా వేళ్ళు కదిలాయి. ఇక చెప్పలేదు."

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఉంది, విదిలించేద్దామనుకున్నాను. చూస్తే అది ఆమె ఎడమ చెయ్యి. గట్టిగా పట్టుకుని ఉంది. అలాగే ఉండనిచ్చాను.