కింది నీళ్లు వెచ్చనన్నాను

లడాఖ్‌లోని ఆ సరస్సు దగ్గరికి మా ఆర్మీ బోటు దళం అక్టోబరులో చేరింది. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. ఆ నీళ్లలో ముప్పై అడుగులు ఒక్క ఊపిరితో దిగి, బండల్లో ఇరుక్కున్న లంగరును విడిపించినవాణ్ని నేను. మా గోదావరిఖని చాయ్ కొట్ల దగ్గర ఎవరినడిగినా చెబుతారు. వాళ్లకు చెప్పింది నేనే మరి.

జనవరికి సరస్సు గడ్డకట్టింది. ఉదయం ఎనిమిదింటికి మంచుకు రంధ్రం చేసి, తాడుకు థర్మామీటరు కట్టి దించడం నా డ్యూటీ. మంచు కింద సున్నా. అడుగున నాలుగు డిగ్రీలు. ఆ లెక్క బంకర్లో బోటు డ్రైవర్‌కు చూపించాను. అతనిది రామకృష్ణాపూర్. నాలాగే బొగ్గుబాయి కార్మికుడి కొడుకు.

"చూసినవా? మన బాయి లెక్కనే. కిందికి పోయినకొద్ది వెచ్చగుంటది."

"అయితే చెమట పడ్తదేమో బావ. తువ్వాల పట్కపోదాం."

మంచు కరగగానే థర్మామీటరు పెట్టెలోకి పోయింది. ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం రెండుంపావుకు మా లంగరు ఇరుక్కుంది. బోటులో ముగ్గురం: నేను, డ్రైవర్, రేడియో ఆపరేటర్.

"బోటు ఒకటి, లంగరు విడిపించి నాలుగింటికల్లా రండి. ఓవర్," అని ఒడ్డు నుంచి రేడియోలో ఆర్డరు వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. దిగింది నేను కాదు, ఆ డ్రైవర్.

"పైన్నే గింత సల్లగున్నది బావ," అన్నాడు, నడుముకు తాడు కట్టుకుంటూ.

"కిందికి పో, వెచ్చగైతది," అన్నాను.

ఎండాకాలం సరస్సు తలకిందులవుతుందని నాకు తెలియదు. ఎండకు కాగిన నీళ్లు పైన ఒక పొరగా తేలుతాయి. చలికాలపు నీళ్లు వాటి కిందే ఉండిపోతాయి. బొగ్గుబాయి ఇళ్లలో పెరిగినవాడికి లోతంటే వేడే.

నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఒక లోతులో మాత్రం, మండే బొగ్గు మీద గాలి వణికినట్టు వణుకుతున్నాయి. వెచ్చని పొర, చల్లని పొర కలిసేది అక్కడే. అతని తెల్లటి అరికాళ్లు ఆ వణుకులోకి పోయి మసకబారాయి.

తాడు లాగితే మనిషి వచ్చాడు. ఊపిరి రాలేదు.

సర్వీసు ముగించుకుని ఇంటికొచ్చాను. ఇన్నేళ్లూ కళ్లు మూస్తే ఆ అరికాళ్లే. పోయిన నెల రామకృష్ణాపూర్ వెళ్లి, అతని భార్యకు అంతా చెప్పాను. "నా మాట నమ్మే దిగిండమ్మా," అన్నాను.

ఆమె చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టింది.

"నీ మాట నమ్మి కాదన్న. సల్లగుంటదని ఆయనకు తెల్వదా? ఆ దినం దిగే వంతు నీది. నువ్వు బోటు అంచు పట్టుకొని వణుకుతున్నవని ఆయన దిగిండు. మీ బోటుల ఉన్న రేడియో ఆయన, మా ఆయన సామాన్ల పెట్టె తెచ్చిన్నాడే చెప్పిండు."