నాంచారమ్మను కోర్టులో అడగని ప్రశ్న

మా తాత సాంబయ్య హంతకుడా, కాదా? అది తేల్చుకోవడానికే రెండువేల మూడు వేసవిలో నేనూ నాన్నా దివిసీమ వెళ్లాం. నాన్న పుట్టిన వారంలోనే మా ఊరి రేవులో ఒక చేపల వ్యాపారి హత్య జరిగింది. ఆ సాయంత్రం తాత పడవ అటు వెళ్లడం చూశానని నాంచారమ్మ అనే ఆవిడ బందరు కోర్టులో సాక్ష్యం చెప్పింది. పడవ ఒడ్డు కదల్లేదని తాత మొండికేశాడు. రుజువు చాలక కోర్టు వదిలేసింది గానీ ఊరు వదల్లేదు. అబద్ధమాడాడంటే చంపింది వాడే అన్నారు. తాత కాపురం బందరుకి మార్చి, నోరు విప్పకుండానే పోయాడు. నాంచారమ్మ మంచం పట్టిందని బందరులో మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ చెప్పేసరికి, యాభై దాటిన నాన్న మొదటిసారి "వెళ్దామమ్మా" అన్నాడు.

నేను గుడ్లవల్లేరులో పాఠాలు చెప్పేదాన్ని, ఉండేది గుడివాడలో. తెల్లారే బస్సెక్కి బందరు చేరేసరికి నాన్న స్టాండులో ఇస్త్రీ చొక్కాతో, పెళ్లిచూపులకి వెళ్లే కుర్రాడిలా నిలబడి ఉన్నాడు. చల్లపల్లి మీదుగా అవనిగడ్డ బస్సు దొరికింది. చల్లపల్లిలో వేడి ఇడ్లీ కొనిచ్చినా ముట్టలేదు. మోపిదేవి దగ్గర టైరు పంక్చరై అరగంట ఆగిపోయాం. ఆ అరగంటలో ఆవిడ కన్నుమూస్తుందేమోనని నాకు ఒకటే దడ. నాన్న భయం వేరు. "ఆవిడ బతికుండి, మీ తాతే చంపాడంటే ఏం చేద్దామే?" అన్నాడు.

పులిగడ్డ దాటి, అవనిగడ్డలో బస్సు మారి నాగాయలంక చేరాం. అక్కణ్ణుంచి ఊరికి ఆటో. రానూ పోనూ నూట యాభై అడిగి నూట ఇరవైకి దిగాడు. ఊరి పేరు రాయను, క్షమించండి. పేరు వినగానే డ్రైవరు వెనక్కి తిరిగి, "ఆ ఊరాండీ? పూర్వం సాంబయ్యని ఒకడు ఇద్దర్ని నరికి మడ అడవిలో పడేశాడంట" అన్నాడు.

బాబోయ్, ఒకడు ఇద్దరయ్యారు!

"మీరు చూశారా?" అన్నాడు నాన్న మెల్లగా.

"నేనెక్కడ చూశానండీ! మా మావయ్య చెప్పాడు."

"ఆయన చూశాడా?"

"అబ్బే, అందరికీ తెలిసిందేగా" అని నవ్వాడు డ్రైవరు.

నాంచారమ్మ వసారాలో నులక మంచం మీద ఉంది. నాన్న పేరు చెప్పగానే ఆయన మొహం తడిమింది. "నువ్వట్రా అబ్బాయ్! నీకు మొదటి నీళ్లు పోసింది నేనే."

నాన్న మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. "పెద్దమ్మా, ఆ రోజు పడవలో మా నాన్నున్నాడా?"

"మీ నాన్నా? పడవలో ఎందుకుంటాడు? నీకు నీళ్లు పోసి మీ నాన్న ఒళ్లో పెట్టి బయటికొచ్చా. కాలవ గట్టెక్కితే మీ పడవ పోతా ఉంది. ఎర్ర మాసిక తెరచాప, నాకు తెలీదా! ఇంట్లో గింజ లేక, బంటుమిల్లి వైపోడెవడికో అద్దెకిచ్చాడు. వాడు మళ్లీ కనపళ్లా."

నాకు ఒళ్లు మండిపోయింది. "మరి కోర్టులో ఈ ముక్క చెప్పలేదేం మామ్మా?"

"అడిగిందే చెప్పమన్నారమ్మా. పడవ చూశావా అన్నారు, చూశానన్నా. సాంబయ్య ఎక్కడున్నాడని ఎవరూ అడగలా. బయటికొచ్చి మీ తాతనే అడిగా, అద్దెకిచ్చానని చెప్పెయ్యొచ్చుగా అని." ఆవిడ నాన్న వైపు తిరిగింది. "పురిటి మైల్లో పడవ నీళ్లలో దింపకూడదు గదా మనకి. 'దింపానని తెలిస్తే ఈ చావు పిల్లోడి పుట్టుక మీదకొస్తది వదినా, నింద నా మీదే ఉండనీ' అన్నాడ్రా."

నాన్న ఏడ్చాడు. పసిపిల్లాడిలా, వెక్కి వెక్కి. ఆవిడ కోడలు పెట్టిన చేపల పులుసూ అన్నం మాత్రం రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. ఆ ఊళ్లో ఆయన తిన్న మొదటి భోజనం అది.

తిరుగు ప్రయాణంలో నాన్న ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. ఊరు దాటాక, "పొద్దున మీరు చెప్పిన సాంబయ్య మా నాన్నండీ. ఆయన ఎవర్నీ చంపలేదు. మీ మావయ్యకి చెప్పండి" అన్నాడు.

నాంచారమ్మ ఆ నెల దాటలేదు. నాన్న మీద జాలితో అలా చెప్పిందేమోనన్న పురుగు ఇప్పటికీ అప్పుడప్పుడు నన్ను తొలుస్తుంది. అప్పుడు, యాభై ఏళ్లయినా ఆవిడ మర్చిపోని ఆ ఎర్ర మాసిక గుర్తు చేసుకుంటాను. మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే పొద్దున్నే బయల్దేరండి, ఆటో రానూ పోనూ మాట్లాడుకోండి. పెద్దవాళ్లని ఏం చూశారని మాత్రమే అడిగి లేచి రాకండి. అప్పట్లో మిమ్మల్ని ఎవరూ అడగని సంగతి ఏమన్నా ఉందా అని కూడా అడగండి.