వీపుతో చూసిన సినిమాలు

సినిమాను వీపుతో చూసినవాడు ఆ సినిమా చూసినట్టా, చూడనట్టా? మా పై వాటా బస్సు డ్రైవరు ఒకసారి నన్ను మెట్ల మీద ఆపి అడిగాడు. ఇన్ని పుస్తకాలు చదివారు కదా, చెప్పండి అన్నాడు.

అతను మా వీధి పిల్లను చేసుకుని మా వీధికే కాపురానికి వచ్చాడు. అందుకని వీధంతటికీ బావ. ఆ పిల్ల నాకు చెల్లెలి వరస కనుక నన్ను మాత్రం వదినగారూ అంటాడు. దూరప్రయాణాల బస్సు నడుపుతాడు. అందులో టీవీ డ్రైవరు సీటు వెనక, ప్రయాణికులకు ఎదురుగా ఉండేది. ఇన్నేళ్ళలో ఆడిన సినిమాలన్నీ విన్నాడు, ఒక్కటీ చూడలేదు. డైలాగులు వరసపెట్టి అప్పజెబుతాడు కానీ మొహాలు తెలియవు. ఓసారి గోడ మీద పోస్టరు చూసి, "ఈ విలనెవడే, కళ్ళలోనే కనబడుతోంది దుర్మార్గం" అన్నాడట భార్యతో. తీరా చూస్తే అది అతను పడిచచ్చే హీరో.

"నా మొహమైనా గుర్తుపడతారా, నోరు విప్పితేనే తెలుస్తుందా?" అందట ఆవిడ.

"నువ్వు నోరు మూసుకుని ఉంటే కదా, ఆ సంగతి తేలేది."

తరవాత బస్సులోంచి టీవీ తీసేశారు. సీటు సీటుకీ ఫోను చార్జింగ్ పెట్టారు. ఎవరి సినిమా వాళ్ళ చేతిలోకి, ఎవరి పాట వాళ్ళ చెవిలోకి వెళ్ళిపోయింది. ఎవరూ ఏమీ అనుకోలేదు.

అతనే ఒక సాయంత్రం చెప్పులు విప్పకుండా మా గుమ్మంలో కూలబడ్డాడు.

"వెనక అంతా కలిసి నవ్వేవాళ్ళు వదినగారూ. కథ తెలిసినవాడు ముందే చెప్పేస్తుంటే పక్కవాడు కసిరేవాడు. ఆ గోలే నా కళ్ళు తెరిపించి ఉంచేది. ఇప్పుడు బస్సు నిండా జనమే, ఖాళీ బస్సు తోలుతున్నట్టుంది." గొంతు తగ్గించాడు. "మొన్న తెల్లవారుతుండగా రెప్ప వాలిపోయింది. చక్రం రోడ్డు దిగి కంకర మీద కరకరలాడితే మెలకువొచ్చింది. ఎలాగో తిప్పుకున్నాను. అద్దంలో చూస్తే ఒక్కరూ తలెత్తలేదు. ఎవడైనా లేచి నాలుగు తిట్టినా బాగుండేది."

"డాక్టరుకు చూపించుకోండి."

"డాక్టరేమిస్తాడు, గోల ఇస్తాడా?"

"ఇంట్లో చెప్పారా?"

"చెబితే మానేయమంటుంది. మానేసి ఏం చెయ్యను, ఇంట్లో కూర్చుని సినిమాలు చూడనా?" అంటూ లేచి మెట్లెక్కాడు.

అంతలో వీధి సంఘం వాళ్ళు అందరం కలిసి సరస్సు చూడ్డానికి వెళదామని బయలుదేరదీశారు. మన బావ ఉండగా పరాయి డ్రైవరెందుకు, రాత్రి తిరిగొచ్చేటప్పటికి మాత్రం ఇంకొకరిని తోడు తెచ్చుకుందామన్నారు కార్యదర్శి. ఆ మాట్లాడుకునే చోటే అతను మెల్లగా అడిగాడు, దారిలో అందరికీ వినబడేలా ఒక్క సినిమా వేసుకుందామా అని.

"ఎవరి సినిమా వాళ్ళకుంది బావా. నువ్వు రోడ్డు చూసుకో చాలు" అన్నారెవరో. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

భయంగా ఉంటే నడపనని చెప్పెయ్యమన్నాను. "వీధంతా ఎక్కుతోంది, మా ఆవిడా ఎక్కుతోంది. నిద్రొస్తుందని చెప్పనా?" అన్నాడు. మళ్ళీ తనే, "మీరు నా వెనక సీట్లో కూర్చుని ఏదైనా పెద్దగా చదవండి" అన్నాడు. సరేనన్నాను.

చదివాను కూడా. ఊరు దాటాక ఒక కథ మొదలుపెట్టాను. పేజీ తిప్పేటప్పుడు ఆగితే, "ఊఁ, తరవాత?" అనేవాడు. భుజాలు తేలికపడ్డాయి.

"పెద్దమ్మా, కాస్త మెల్లగా. ఇక్కడ నా ఫోన్లో ఒక్క ముక్క వినబడట్లేదు" అంది వెనకనుంచి ఒక పిల్ల, ఒక చెవిలోంచి ఇయర్‌ఫోను తీసి.

గొంతు తగ్గించాను. కార్యదర్శి లేచి వచ్చారు. "మనసులో చదువుకోవచ్చు కదా అక్కగారూ." నా పక్క సీట్లో ఉన్న మా చెల్లెలు నా మోచెయ్యి పట్టుకుంది. "అవునక్కా, ఆయనకూ ఇబ్బంది. బండి నడుపుతున్నారు కదా."

అద్దంలో అతను నా వైపు చూశాడు. ఏ ఒక్కరికీ అసలు సంగతి చెప్పవద్దని మాట తీసుకున్నవాడు అతనే. నోట్లో నోట్లోనే చదివాను. ఇంజను మోతలో అది అతనికి అందలేదు. కాసేపటికి తన చెంప తనే కొట్టుకున్నాడు, రెండోసారి ఇంకా గట్టిగా.

ఒక టీ కొట్టు దగ్గర బస్సు పక్కకు తీసి ఆపాడు. రాత్రి తిరుగు ప్రయాణానికని వెంట వచ్చిన రెండో డ్రైవరును తట్టి లేపి తాళం అతని చేతిలో పెట్టాడు. తువ్వాలు భుజాన వేసుకుని దిగాడు. మొహం కడుక్కోవడానికేమోననుకుని, చదువుతున్న పేజీలో వేలు పెట్టుకుని కూర్చున్నాను.

అతను నీళ్ళ వైపు పోలేదు. రోడ్డు దాటాడు. అవతల మా ఊరి వైపు పోయే బస్సు ఆగి ఉంది.

బస్సులో ఎవరూ తలెత్తలేదు. నా పక్కన మా చెల్లెలు ఫోనులో ఏదో చూసి తనలో తను నవ్వుకుంటోంది. నేను ఆమె భుజం తట్టేలోపల, అతను వెనక్కి తిరగకుండానే ఆ బస్సెక్కేశాడు.