దసరా నాడు తారూత్ దీవి

తారూత్ పేరు ఎవరైనా ఎత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పాపం, ఆ దీవి ఏం చేసింది? సౌదీ తూర్పు తీరాన, రోడ్డు కట్టతో ఒడ్డుకు అంటుకుని ఉండే చిన్న దీవి అది. దాని కోట దానికుంది, దాని మడ చెట్లు దానికున్నాయి. అయినా ఫోనులో ఎవరైనా ఆ కోటను చూపిస్తూ వీడియో పెడితే నేను ఫోను బోర్లా పెట్టేస్తాను.

అప్పుడు నేను జుబైల్‌లో ఒక కంపెనీలో పైప్ ఫిట్టర్‌ని. మా అక్క మొగుడు, మా బావ, అదే కంపెనీలో వెల్డర్. ఇద్దరిదీ ఒకే గది. పనిచేసే యార్డు, పడుకునే క్యాంపు ఒకే ప్రహరీలో ఉండేవి. నితాఖత్ అని ఒక పద్ధతి వచ్చి, సౌదీ వాళ్లను సరిపడా పెట్టుకోని కంపెనీలను సర్కారు ఎరుపు జాబితాలో పడేసింది. దాని వెనకాలే మనిషికింత అని లెవీ వచ్చింది. మా కంపెనీ ఎరుపులో పడింది, లెవీ ఎగ్గొట్టింది, దాంతో మాలో చాలామందికి ఇఖామాలు, అంటే ఆ దేశంలో ఉండే పర్మిట్లు, రెన్యువల్ కాలేదు. ఇఖామా లేకుంటే ఆస్పత్రికి పోలేం, ఇంటికి పోలేం, దారిలో పోలీసు ఆపితే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. తప్పు వాళ్లది, భయం మాది.

బావ ఊరుకునే రకం కాదు. ఇంకో కంపెనీ ఆయన పని చూసి ముచ్చటపడి, నకల్ చేసుకుంటామంది. అంటే కఫీల్, మనల్ని తెచ్చుకున్న యజమాని, మారడం. మా కఫీల్ చచ్చినా ఒప్పుకోడు. అయితే ఇఖామా చావడం కంపెనీ తప్పేనని లేబర్ ఆఫీసు తేలిస్తే కఫీల్ ఒప్పుకోలు అక్కర్లేదు. బావ పోయి ఫిర్యాదు పెట్టొచ్చాడు. "మేం యార్డుకు వచ్చి చూస్తాం, నువ్వు డ్యూటీలో కనపడాలి" అన్నారట. ఎప్పుడొస్తారో చెప్పలేదు. ఆ రోజు నుంచి బావ జ్వరం వచ్చినా సెలవు పెట్టలేదు. గేటు దగ్గర తెల్ల కారు ఆగితే చాలు, వెల్డింగ్ ఆపి, ముఖం మీది అద్దం ఎత్తి చూసేవాడు.

అలాంటి మనిషిని గేటు దాటించాలంటే ఏం చేయాలి? అది మా క్యాంప్ బాసుకు బాగా తెలుసు. కోస్తా వైపు నుంచి వచ్చిన తెలుగువాడే. మనవాడు కదా అని ప్రతి ఏడూ దసరాకు సెలవడిగేవాళ్లం. ప్రతి ఏడూ నవ్వి పొమ్మనేవాడు. ఆ ఏడు పండుగ మంగళవారం పడింది. ముందు రోజు సాయంత్రం తనే మా గదికి వచ్చాడు.

"ఏంటయ్యా, దసరాకి హాలిడే అడిగారు కదా? మేనేజర్‌తో ఫైట్ చేసి అప్రూవ్ చేయించాను. బస్సు, బిర్యానీ అంతా కంపెనీదే. తారూత్ ఐలాండ్ వెళ్లి సైట్‌సీయింగ్ చేసి రండి."

బావ వెనకాడాడు. "రేపు ఆఫీసోళ్లు గిట్ల వస్తే ఎట్ల సార్?"

"వాళ్లు ముందు నాకు ఫోన్ చేయకుండా వస్తారా? వస్తే నేను లేనూ? పండగ పూట టెన్షన్ ఎందుకు?"

ఊరక రారు మహాత్ములు అంటారు. ఆ సామెత తెలిసినవాళ్లమే అందరం. ఒక్కడికీ గుర్తు రాలేదు. పండుగకు సెలవు ఇచ్చాడన్న సంబరంలో మునిగిపోయాం. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా?

పొద్దున్నే తలలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కాలు వేసుకుని బస్సెక్కాం. బస్సులో మా కరీంనగర్, నిజామాబాద్ వాళ్లమే కాదు, ఇద్దరు బిహారీలు, ఒక పాకిస్తానీ, ఒక ఫిలిప్పీనో కూడా ఉన్నారు. "దసరాకు పాకిస్తానీ భాయ్ ఎందుకు వస్తున్నడు?" అని నేనే నవ్వాను. బిర్యానీ కోసం అన్నాడు ఎవరో. అందరం నవ్వాం, పాకిస్తానీ కూడా నవ్వాడు.

బస్సు నడిపేది కడప డ్రైవరు. తారూత్ నడిబొడ్డున, ఇరుకు సందుల మధ్య, చిన్న మిట్ట మీద కోట ఉంది. మట్టిరంగు బురుజులు. చుట్టూ కంచె కట్టి లోపలికి వదలడం లేదు. డ్రైవరు కిటికీలోంచి చేయి చాపి చూపించాడు.

"అన్నోళ్లూ, ఈ కోట కింద పూర్వం గుడి ఉన్నిందంట. వేల ఏండ్ల నాటిదంట. ఎవరో అమ్మోరి గుడి అని చెప్తారు."

గుడి అనే మాట విని ఎన్నాళ్లయిందో మాకు. బావ దిగి, కంచె దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. చేతులు జోడించలేదు, పెదవులు కదపలేదు. చుట్టూ జనం, అది అలాంటి చోటు కాదని తెలుసు. ఆ నేల మీద వట్టి కాళ్లతో కాసేపు నిలబడ్డాడంతే. ఏం మొక్కాడో నాకు వేరే చెప్పనక్కర్లేదు. నకల్ రావాలని. తర్వాత ఆయన్ని కోట ముందు నిలబెట్టి ఫోటో తీశాను. నోరంతా తెరిచి నవ్వాడు. ఆ దేశంలో ఆయన అలా నవ్విన ఫోటో ఇంకోటి లేదు.

అక్కడి నుంచి దారీన్ వైపు పోయాం. కూలిన పాత మేడ, చేపల పడవలు, సముద్రం ఆటుకు బయటపడిన బురదలో మడ చెట్లు. దసరా నాడు పాలపిట్టను చూడాలి కదా. ఇంతమంది మొగాళ్లం ఉక్కపోతలో చెమటలు కక్కుతూ మడ చెట్లలోకి తలలు పెట్టి పిట్ట కోసం వెతికాం. ఒక నీలిపిట్ట రివ్వున పోయింది.

"పాలపిట్ట! సూసినవా బామ్మర్ది?"

"గది లకుముకి పిట్ట బావా."

"నీలంగ ఉన్నది గదా, సాలు. పరాయి దేశంల గింతకంటె ఏం దొరుకుతది?"

ఖర్జూర తోటల పక్కన ఒక చెట్టు కనపడింది. నేను సర్కారు తుమ్మ అన్నాను. బావ ముల్లు చూసి, ఆకు నలిపి, జమ్మేనని తేల్చాడు. అక్కడివాళ్లు గాఫ్ అంటారు, నిజంగా జమ్మే అది. కొమ్మ తుంచి తలా కొంత ఆకు చేతిలో పెట్టి, బంగారమని చెప్పి, అందరినీ కావలించుకున్నాడు. పాకిస్తానీకీ పెట్టాడు.

పొద్దుగూకే వేళకు తిరిగొచ్చాం. క్యాంప్ బాసు గేటు దగ్గరే ఉన్నాడు. బావ జేబులో దాచిన జమ్మి ఆకు తీసి అందరికంటే పెద్దవాడికి పెట్టినట్టు రెండు చేతులతో అతని చేతిలో పెట్టాడు. కావలించుకున్నాడు. "మీ పుణ్యమా అని పండుగ జేసుకున్నం సార్" అన్నాడు. వాడు ఆ బంగారం తీసుకున్నాడు. బావ వీపు కూడా తట్టాడు. తడిగుడ్డతో గొంతు కోయడం గురించి వినడమే గానీ, అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు.

మెస్సులో వంటవాడు బంగ్లాదేశీ. మా పళ్లేల్లో అన్నం వేస్తూ మామూలుగా అన్నాడు. "ఆజ్ లేబర్ ఆఫీస్ వాలే ఆయే థే. తుమ్హారే బారేమే పూఛా." పొద్దున వచ్చి, యార్డంతా తిరిగి, బావ పేరు పెట్టి అడిగారట. కనపడలేదని వెళ్లిపోయారట.

బావ పళ్లెం బల్ల మీద పెట్టేశాడు. నాకు అప్పుడు బస్సు మొత్తం కళ్ల ముందు తిరిగింది. మా వాళ్లు, బిహారీలు, పాకిస్తానీ, ఫిలిప్పీనో. ఇఖామా బతికున్నవాడు ఒక్కడూ లేడు అందులో. పండుగకు కాదు, వాళ్లు మమ్మల్ని ఏరి ఏరి బస్సెక్కించింది.

నేను తిన్నగా బాసు గదికి పోయాను. వాడు టీ తాగుతున్నాడు.

"మీకు ముందే ఎరుకనా సార్?"

"టూర్ ఎంజాయ్ చేశారు కదా? ఇంకేంటి ప్రాబ్లం? అది మేనేజ్‌మెంట్ డెసిషన్."

"మా బావ మీకు బంగారం పెట్టిండు."

"ఆకేగా పెట్టాడు" అన్నాడు.

కొడదామనే చేయి ఎత్తాను. బావ వెనక నుంచి వచ్చి పట్టుకున్నాడు. కొడితే నా బతుకు కూడా పోతుందని ఆయన భయం. ఈ రోజుకూ ఆ ఒక్క దెబ్బ నా చేతిలోనే మిగిలిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. అదే వారంలో బావ ఫోనుకు మెసేజ్ వచ్చింది. కంపెనీ ఆయన మీద హురూబ్ వేసింది. హురూబ్ అంటే పని వదిలి పారిపోయినవాడని. ఆ మంగళవారం నుంచే అని రాశారు. ఎక్కడికి పారిపోయాడు మా బావ? ఆ రాత్రి వాళ్ల మెస్సులోనే తిన్నాడు, వాళ్ల మంచం మీదే పడుకున్నాడు, తెల్లారి వాళ్ల హెల్మెట్ పెట్టుకుని వాళ్ల పైపులే అతికాడు. పారిపోయినవాడికి తెల్లారి పని చెప్పిందెవడు? సిగ్గుండాలి!

లేబర్ ఆఫీసుకు ఇద్దరం పోయాం. అధికారి మాటలను ఒక హైదరాబాదీ భాయ్ మాకు తెలుగులో చెప్పాడు. మంచివాడే.

"ఆ మంగళవారం డ్యూటీల ఉన్నవా లేవా? గదొక్కటి చెప్పుమంటున్నరు."

"లేను. కంపెనీయే తారూత్ సూడనీకి తోలింది."

ఆ మాట అరబీలోకి మారగానే అధికారి నవ్వాడు. హైదరాబాదీ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. "పనిరోజు, బస్సు వెట్టి, బిర్యానీ వెట్టి? జుబైల్‌ల గసొంటి కంపెనీ ఏడున్నది భాయ్?"

నేను ఫోను తీసి ఫోటో చూపించాను. కోట ముందు బావ. అధికారి దాన్ని పెద్దది చేసి చూశాడు. పని వేళ, పని రోజు, పని చోటుకు అంత దూరాన నోరారా నవ్వుతున్న మనిషి. మేం సాక్ష్యమని తీసుకుపోయింది వాళ్ల మాటకే సాక్ష్యమైంది. బస్సు సంగతి కంపెనీని అడిగితే ఏ బస్సు అన్నారు. మిగతావాళ్లను రమ్మంటే ఒక్కరూ రాలేదు. ఇఖామా లేనివాళ్లు ఏ ముఖంతో వస్తారు? వాళ్లను నేను తిట్టలేను.

బావను తర్హీల్‌కు, అంటే దేశం నుంచి పంపించేసే చోటికి, తీసుకుపోయారు. పదివేళ్లూ నొక్కించుకుని మళ్లీ రాకూడదన్నారు. అక్కడి నుంచి ఎవరిదో ఫోను అడుక్కుని నాకు చేశాడు.

"బామ్మర్ది, నేను ఉరకలే అని మీ అక్కకు నువ్వే జెప్పు. పారిపోయిండని ఊర్ల ఎవలన్న అంటే, నేను జెప్తె నమ్ముతదో లేదో."

అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను. నమ్మింది. ఏడవలేదు. "పని రోజు గాడికెందుకు పోయిన్రుర మరి?" అని మాత్రం అడిగింది. దసరాకు పంపిండ్రని చెప్పాను. ఎవడు పంపిండని అడిగింది. క్యాంప్ బాసు నంబరు ఇచ్చాను.

ఆ రోజు నుంచి అక్క వాడికి రోజూ ఫోన్ చేసింది. పొద్దున పొయ్యి ముట్టించగానే ఒకసారి, బీడీలు చుట్టడం అయ్యాక ఒకసారి. మొదటిసారి ఎత్తి, తిట్లు విని పెట్టేశాడు. తర్వాత ఎత్తలేదు. వాడు నంబరు మార్చుకునేదాకా చేసింది.