దేవుని పుంజు, చేవెళ్ల పులి

మొన్న కోతల పండుగనాడు మొయినాబాద్ చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగా, కానుకల కుప్ప పక్కన కాళ్ళు కట్టి ఉంచిన పుంజు ఒక్కసారి గొంతెత్తి కూసింది. పచ్చి జొన్నకంకుల వాసన, అందులో కలిసిన కోడి ఈకల వాసన. అందరూ నవ్వు ఆపుకున్నారు. నేను ఆపుకోలేదు. తొంభై దాటినవాణ్ణి ఎవరేమంటారు? ఆ కూతతో మా బాపు వచ్చి నా పక్కన కూర్చున్నట్టయింది.

మా బాపు ఏసోబును మీరు చూసి ఉండరు. ఆయన వాక్యం చెబుతున్నాడంటే చేవెళ్ల నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు. నిజాం పోలీసు అమీను సాబు గుర్రం దిగి మరీ వినేవాడు. కాదులెండి. మా ఊరు సురంగల్‌లో పరాయి పొలం దున్నేవాడు. ఆదివారం చర్చిలో చాపలు పరిచేవాడు. నలుగురిలో మాట్లాడమంటే చెమటలు పట్టేవి. కానీ ఇది మాత్రం ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను: కొట్టకపోతే పిల్లలు చెడిపోతారని ఊరంతా నమ్మిన ఆ కాలంలో, ఆయన చెయ్యి నా మీద ఏనాడూ లేవలేదు.

మా సంఘంలో ఇంటింటా ఒక కోడిపిల్లను 'దేవునిది' అని పేరుపెట్టి పెంచి, కోతల పండుగకు అర్పించేవారు. ఒక ఏడు మా ఇంటి దేవుని పుంజును సాకే పని బాపు నాకు అప్పగించాడు. చక్కగా మేపాను. తీరా పండుగ రేపనగా, దాన్ని పక్కింటి పుంజు మీదికి ఉసిగొల్పాను. దేవునిది కదా, ఓడదనుకున్నాను! తల మీది తురాయి చిరిగింది, ఒక కన్ను పోయింది. మచ్చ ఉన్నది దేవునికి పనికిరాదని సంఘపెద్ద ఏటా చెప్పే మాట. ఇక రేపు అందరి ముందు బాపు తల దించుకోవాలి.

సాయంత్రం ఆయన పొలం నుంచి రాగానే ఎదురు పరుగెత్తాను.

"బాపూ, పులి! చేవెళ్ల దిక్కుకెల్లి వచ్చింది. నేను తోక పట్టి గుంజిన గనుక పుంజు ఇట్లన్న బతికింది!"

బాపు తలపాగా విప్పి మంచం మీద కూర్చున్నాడు. "అట్లనా? తోక ఎంత పొడుగున్నది?"

చూపించాను. చేతులు చాలలేదు.

పక్కింటి ఎల్లయ్య గోడ మీది నుంచి అరిచాడు. "ఏసోబన్నా, పులి లేదు గిలి లేదు. రెండు పీకు, నిజం కక్కుతడు."

"పీకితే భయం కక్కుతడు ఎల్లన్నా. భయంతోని నాకేం పని? నాకు నా కొడుకు గావాలె."

అని, మంచం మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు. "పులి కత మస్తుగున్నది బిడ్డా. ఇగ అసలుది చెప్పు. అది గూడ గింతే మంచిగ వింట."

చెప్పాను, ఏడుస్తూ. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి విన్నాడు. అంతా విన్నాక కూడా ఆ చెయ్యి తీయలేదు. "పా, దాని గాయానికి పసుపు పెడదాం" అన్నాడు చివరికి.

"రేపు పెద్దయ్య అడిగితే?"

"అడగనియ్యి. నేనుంట గద."

మర్నాడు సంఘపెద్ద పుంజును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏం ఏసోబూ, దేవునికి గుడ్డిదా?"

చర్చి అంతా మా వైపు తిరిగింది. బాపు నన్ను తన వెనక్కి జరుపుకున్నాడు. "నా ఇంట్ల పెరిగింది పెద్దయ్యా, నేనే సరిగ జూసుకోలే. తప్పు నాది." నా పేరు ఎత్తలేదు.

అప్పుడు నేను సింహంలా ముందుకు దూకాను. అంటే, బాపు ధోవతి చెంగు వదలకుండానే. గొంతు కోడిపిల్లలా వచ్చింది. "కొట్లాట పెట్టింది నేను, పెద్దయ్యా."

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మచ్చ లేనోళ్లు మనల ఎవరున్నరు గనుక? తే ఇటు" అని పుంజును అందుకున్నాడు. ఇంటిదాకా ఎదురైన ప్రతివాళ్ళకూ బాపు ఒకటే మాట: "మావోడు అందర్ల నిలవడి చెప్పిండు!" పుంజు మాట మరిచేపోయాడు.

ఆ ఒంటికన్ను పుంజు ఏళ్ళ తరబడి చర్చి వాకిట్లో బతికిందని మా పిల్లలకు చెబుతుంటాను. అసలుది వేరు. ఆ మధ్యాహ్నమే విందులో కూరైంది. నేను రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నాను.

మొన్నటి పుంజు కూడా ఊరుకోలేదు. ప్రార్థన ముగిసేలోపే కాళ్ళ తాడు ఊడి వేదిక ఎక్కింది. తాడు విప్పింది నువ్వేనా అని ఇంటికొచ్చాక తల్లి అడిగితే, మా మునిమనవరాలు రూతు నా వైపు తిరిగి, "తాతా, దేవదూత వచ్చి ఇప్పిండు. నేను చూసిన. గింత పెద్ద రెక్కలు!" అంది. దాని తల్లి చెయ్యెత్తింది.

"ఆగు బిడ్డా" అన్నాను. ఆ రెక్కల పొడవెంతో, రంగేమిటో చివరిదాకా విన్నాను. తర్వాత మంచం మీద కొంచెం జరిగి, దానికి చోటిచ్చాను.