మూడో పిలుపు దాకా

నిన్న మిట్టమధ్యాహ్నం ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది. తిరిగి చెయ్యబోయిన మా అమ్మాయిని ఆపి, మళ్ళీ మోగితే చూద్దామన్నాను. "క్యా పాపా, మీరూ మీ దయ్యాలూ!" అని నవ్వేసి వెళ్ళిపోయింది. నా కోతలు ఇంట్లో ఎవరూ నమ్మరు లెండి. రైల్వే క్వార్టర్లలో పెరిగిన మీరైనా కాస్త నమ్ముతారని చెబుతున్నాను.

బిలాస్‌పూర్‌లో నన్ను పెంచిన మా పెదనాన్న గూడ్సు డ్రైవరు. ఆ రోజుల్లో డ్యూటీ పడితే కాల్‌మేన్ సైకిలు మీద క్వార్టరుకు వచ్చి, వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలిచేవాడు. మూడోసారి పిలిస్తేగానీ మా పెద్దమ్మ పలికేది కాదు, మమ్మల్ని పలకనిచ్చేదీ కాదు. మనిషైతే మళ్ళీ పిలుస్తాడు, మనిషి కానిది ఒక్కసారే పిలిచి, పలికినవాణ్ణి వెంటబెట్టుకుపోతుంది అని ఆవిడ నమ్మకం. పాపం కాల్‌మేన్ ఎండలో తిట్టుకుంటూనే మూడుసార్లూ పిలిచేవాడు.

పెదనాన్న పోయాక క్వార్టరు ఖాళీ చేసి పెద్దమ్మా నేనూ ఆ ఊళ్ళోనే దయాల్‌బంద్‌లో అద్దెకు దిగాం. లింగియాడీహ్‌లో, ఓ మేడ మీద రెండు గదుల కంపెనీలో నాకు సాఫ్ట్‌వేర్ టెస్టరు పని దొరికింది. బొగ్గు లారీల డ్రైవర్లను ఫోన్లో డ్యూటీకి పిలిచే ప్రోగ్రాం అది. అవతలివాడు ఒకటో అంకె నొక్కితే ఒప్పుకున్నట్టు. నేనేమో కాగితం మీద రాసిచ్చినవన్నీ నొక్కి చూసి, అంతా బాగుందని చెప్పేవాణ్ణి. నా పై అధికారి, విజయనగరం నుంచి వచ్చిన మేడంగారికి ఒళ్ళు మండింది. "రాసిచ్చింది చూడ్డానికి నువ్వెందుకు బాబూ? ఎక్కడ తప్పుతాదో నీ బుర్రతో ఊహించు. శనివారానికి ఒక్క ఆలోచనైనా తే, లేపోతే సోమవారం రాకు" అంది. మా ఇద్దరికీ ఆ ఉద్యోగమే ఆధారం. కథలైతే ఎన్నైనా అల్లగలను గానీ, టెస్టుకు పనికొచ్చే ఆలోచన ఒక్కటీ తట్టలేదు.

శుక్రవారం భోజనానికి ఇంటికొచ్చాను. వీధిలో వడగాలి తప్ప పురుగు లేదు. కంచం ముందు కూర్చున్నానో లేదో, వాకిట్లోంచి ఎవరో పెదనాన్న పేరు పెట్టి పిలిచి, వెనకే "డ్యూటీ!" అన్నారు. నేను నోరు తెరిచేలోపు పెద్దమ్మ అన్నం చేత్తోనే నా మూతి మూసేసింది.

"పలక్కురా! ఇంకోపాలి పిలవనీ."

"పోయినోడికి డ్యూటీ ఏటే?" అని గొణిగాను.

"అందుకే పలక్కు."

రెండో పిలుపు రాలేదు. తలుపు తీస్తే వీధంతా ఖాళీ. దుమ్ములో సైకిలు చక్రం జాడ మా గడప దాకా వచ్చి ఉంది. వెనక్కి వెళ్ళిన జాడ లేదు.

ఆఫీసుకు పోతుంటే తోవలో తట్టింది: అసలు పలికేవాడే లేకపోతే మా ప్రోగ్రాం ఏం చేస్తుంది? డ్రైవర్లలో పెదనాన్న పేరు ఎక్కించి, ఎప్పుడో తీసేసిన మా క్వార్టరు ఫోన్ నంబరు ఇచ్చాను. తెర మీద పచ్చగా వచ్చింది, డ్యూటీకి ఒప్పుకున్నట్టు.

మేడంగారు నా వీపు తట్టింది. లైను కలవకపోయినా ఒప్పుకున్నట్టు రాసేస్తోందట ప్రోగ్రాం. ఇలాగే బయటికి పోతే, పిలుపే అందని డ్రైవరు పనిదొంగ అనిపించుకునేవాడు. నా ఉద్యోగం నిలిచింది. మర్నాడు సరిచేశాక మళ్ళీ నొక్కి చూశాం. తీసేసిన నంబర్లన్నీ ఎర్రగా వచ్చాయి, పెదనాన్నది తప్ప. ఆ పేరు తుడిచేసి, ఇక ఎవరమూ దాని మాటెత్తలేదు.

పెద్దమ్మకు చెబితే తిడుతుందనుకున్నాను. "ఒప్పుకున్నారా?" అని మాత్రం అడిగింది. నేను తలూపితే, "డ్యూటీ అంటే ఆయన కాదన్నదెప్పుడు?" అంది.

ఆనాటి నుంచీ మధ్యాహ్నాలు వాకిలి వైపు తిరిగి కూర్చునేది. భయమనుకున్నాను. రెండోసారి పిలిస్తే పిలిచినవాడు మనిషే, అంటే పెదనాన్న ఇంకా డ్యూటీలో ఉన్నట్టే అని ఎదురుచూసేదని, ఆవిడా పోయాక గానీ నాకు అర్థం కాలేదు. ఇప్పుడు వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పిలుపులన్నీ జేబులోనే మోగి జేబులోనే ఆగిపోతున్నాయి.

నిన్నటి ఫోన్ మళ్ళీ మోగలేదు. టీ వేళ దాకా దాని పక్కనే కూర్చున్నాను.