అయిపోయింది మామయ్య

మా అత్తయ్య భర్త, అంటే మా మామయ్య, దేన్ని చూసినా, ఎవర్ని చూసినా అనేది ఒకటే మాట: "అయిపోయింది." పాలు పొయ్యి మీద పెట్టగానే అంటాడు. బస్సు రాకముందే అంటాడు. నాకు కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం వచ్చిందని పరిగెత్తుకెళ్ళి చెబితే, భుజం తట్టి, "ఎన్నాళ్ళుంటుందిలేరా, అయిపోయినట్టే" అన్నాడు. పదిహేనేళ్ళయింది. ఇంకా అదే దుకాణంలో ఉన్నాను. ఇప్పటికీ కనబడినప్పుడల్లా, "ఇంకా తీసెయ్యలేదా?" అని జాలిగా అడుగుతాడు.

ఒకసారి డాక్టరు బీపీ చూసి, "బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాడు. మామయ్య నా చెవిలో, "పాపం, ఆయన మిషను పాడైనట్టుందిరా" అన్నాడు.

ఇలాంటి మనిషి చేసే పనేమిటనుకున్నారు? లిఫ్టు మెకానిక్కు! వాళ్ళుండే ఆరంతస్తుల భవనంలో లిఫ్టు ఆయన చేతిలోదే. తలుపులు మూసుకోగానే తల పక్కకి వంచి, "ఊఁ... విన్నారా ఆ చప్పుడు?" అంటాడు. లోపలున్నవాళ్ళు మొదటి అంతస్తులోనే దిగిపోయి మెట్లెక్కుతారు. ఆ లిఫ్టు ఇరవై ఏళ్ళలో ఒక్కసారి ఆగిన పాపాన పోలేదు. రోజూ దానికి ఒక చీటీ రాస్తాడు, తేదీ వేసి మరీ: "తలుపు మూలుగుతోంది. నూనె వేశాను. లాభం ఉండదు."

ఆయనతో కాపురం చేసిన పుణ్యాత్మురాలు మా అత్తయ్య. ఒక ప్రచురణ సంస్థకి ఇరవై రెండేళ్ళుగా ఇంట్లోనే కూర్చుని టైపు చేసి పెడుతుంది. వంట, నిద్ర ఎలాగో, ఆ పని కూడా ఆమెకి అలాగే. అది లేని రోజు ఆమెకి తోచదు. ఆ కంప్యూటరు మాత్రం ముసలిదైపోయింది. పొద్దున్న నొక్కితే టిఫిను అయ్యేసరికి లేచేది. పైగా, ఈ విండోస్‌కి ఇక అప్‌డేట్లు రావు అని మూణ్ణెల్లుగా తెర మీద హెచ్చరిక. ప్రచురణ సంస్థ మేనేజరు ఫోన్ చేసి, "అమ్మా, అలాంటి సిస్టం నుంచి ఫైళ్ళు తీసుకోవద్దని మాకు పైనుంచి చెప్పారు. సోమవారం సాయంత్రానికి ఆ తేనెటీగల పుస్తకం రాకపోతే ఇక పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. నా చేతుల్లో లేదు" అన్నాడు. మూడువందల ఇరవై నాలుగు పేజీల పుస్తకం. పన్నెండు పేజీలు మిగిలాయి.

ఆదివారం మధ్యాహ్నం నేను పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వీరుడిలా వెళ్ళాను.

"కొత్త కంప్యూటరు అక్కర్లేదు అత్తయ్యా. విండోస్ బదులు వేసుకునే లినక్స్ అని ఉంది. అందులో మింట్ అనేది కొత్తవాళ్ళ కోసమే చేశారు. కింద మెనూ, పక్కన ఫోల్డర్లు, ఇంచుమించు నీ పాతదానిలాగే ఉంటుంది."

"ఈ వయసులో అలవాటవుతుందంటావా?"

"అయిపోయింది," వెనకనుంచి మామయ్య.

ముందు ఏదీ చెరపకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూపించాను. అత్తయ్య భయంభయంగా ఒక మీట నొక్కింది. "ఒరేయ్, మన అక్షరాలే వస్తున్నాయిరా!"

"అచ్చులే కదా వచ్చాయి," అన్నాడు మామయ్య. "హల్లులు చూడండి."

హల్లులూ వచ్చాయి. ఒత్తులూ వచ్చాయి. మామయ్య ముఖం చిన్నబోయింది.

ఇక అసలు ఎక్కించడం. పాతదాని పక్కన పెట్టమంటావా, డిస్కంతా తుడిచేసి పెట్టమంటావా అని కంప్యూటరు అడిగింది. ఆ ముసలి డిస్కులో ఇద్దరికి చోటెక్కడిది? రెండోదే మేలనుకున్నాను.

"అత్తయ్యా, నీ ఫైళ్ళకి వేరేచోట కాపీ పెట్టావా?"

"నిన్ననే పెట్టానురా. మొత్తం పుస్తకం."

"ఒరేయ్, ఆ రెండోది నొక్కకురా. అయిపోతుంది," అన్నాడు మామయ్య. ఈసారి గొంతులో ఏదో తేడా ఉంది. కానీ రోజుకి నలభైసార్లు వినే మాటని ఎవరు పట్టించుకుంటారు? నొక్కేశాను.

పావుగంటలో ముచ్చటగా తెర వచ్చింది. కంప్యూటరు కుర్రదైపోయింది. నేను కాలరు సర్దుకుని, "ఏదీ, ఆ కాపీ పెట్టిన పెన్‌డ్రైవ్ ఇటివ్వు" అన్నాను.

"పెన్‌డ్రైవేమిటి?"

"వేరేచోట పెట్టానన్నావుగా?"

"అవునురా. సీ లో ఉన్నదంతా డీ లో పెట్టాను."

సీ, డీ రెండూ ఆ ఒక్క డిస్కులోవే. ముందుగది సామాను పడగ్గదిలోకి మార్చి, ఇల్లంతా కూల్చమంది మా అత్తయ్య. కూల్చినవాణ్ణి నేను. మూడువందల పన్నెండు పేజీలు! ఆ డిస్కుని ఎంత వెతికినా, తెర మీద అటూ ఇటూ ఎంత తిప్పినా ఖాళీ. రేపు సాయంత్రానికి ఆ పేజీలన్నీ మళ్ళీ కొట్టడం మనిషి వల్ల అయ్యేపని కాదు. ఇరవై రెండేళ్ళ పనిని ఒక్క వేలితో మట్టి చేశాను.

అత్తయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కీబోర్డు మీద గుడ్డ కప్పి, "పోనీలేరా. నేను సరిగ్గా చెప్పలేదు" అంది. ఆ మాటకి నాకు చచ్చిపోవాలనిపించింది.

ఇద్దరం తలలు వంచుకుని మామయ్య కోసం ఎదురుచూశాం. ఈసారైనా ఆ మాట అనే హక్కు ఆయనకుంది.

"ఏం కాలేదు," అన్నాడు మామయ్య.

ఆయనకి షాక్ తగిలి మతి చలించిందేమో అనుకున్నాను. అత్తయ్యయితే లేచి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"జ్వరం లేదే," అని ఆ చెయ్యి తీసేశాడు మామయ్య. "చెప్పులేసుకోండి. పైకెళ్దాం."

ఆరో అంతస్తుపైన లిఫ్టు మోటారు గది. నేనెప్పుడూ చూడలేదు. గ్రీజు వాసన, గోడనిండా పానాలు, మధ్యలో మోటారు. మూలన చిన్న బల్ల, బల్లమీద ఎవరో పారేసిన కంప్యూటరు, దాని ప్రతి తీగకీ అంకె రాసిన చీటీ. మామయ్య నొక్కాడు. మింట్! తెర మీద బొమ్మలు కూడా అత్తయ్య పాత కంప్యూటర్లో ఏది ఎక్కడుండేదో అక్కడే.

"ఇదెప్పుడు చేశారండీ?" అంది అత్తయ్య.

"ఆ హెచ్చరిక కనబడ్డ రోజునే మొదలెట్టా. నాలుగుసార్లు చెడగొట్టాను. ఆ రెండోది నేనూ నొక్కాను," అన్నాడు నావైపు చూడకుండా. "నువ్వు పొద్దున్నే కూరలకి వెళ్ళినప్పుడు, అంతకుముందు రోజు చేసిందంతా పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇందులో పెడుతున్నా."

"మరి చెప్పరేం మామయ్యా!" అరిచేశాను. "అక్కడ నా ప్రాణం పోయింది!"

"ఇదీ పోయుంటుందనుకున్నానురా. ఇవాళ పొద్దున్న కూడా చూశాను, ఉంది. అయినా నమ్మకం చిక్కలేదు."

మూడువందల పన్నెండో పేజీ చివరి వాక్యం దాకా ఉంది. అత్తయ్య రెండుసార్లు చదివి చూసుకుంది. "మిగతా పన్నెండూ రేపు మధ్యాహ్నానికి కొట్టిపారేస్తాను," అంది. అన్నట్టే సోమవారం మూడింటికల్లా పుస్తకం పంపింది కూడా.

"అయితే ఇంట్లో పొద్దస్తమానం ఆ ఏడుపు దేనికండీ?" అని ఆ మోటారు గదిలోనే ఆయన్ని నిలదీసింది అత్తయ్య.

మామయ్య పానా ఒకటి తీసి అనవసరంగా తుడిచాడు. "నీకసలే భయం. ముందు నేనే భయపడిపోతే నువ్వు నన్ను కసురుకోవడంలో పడి భయపడటం మర్చిపోతావు. పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టా."

అత్తయ్య మౌసు పట్టుకుని ఫోల్డర్లు చూడసాగింది. రోజుకొకటి చొప్పున వరసగా ఉన్నాయి. ఒక్కోదానికి లిఫ్టు చీటీలాగే పేరు పెట్టాడు మహానుభావుడు.

"11 పేజీలు. మెడ నొప్పి అంది. కుర్చీ ఎత్తు తగ్గించాను."

"4 పేజీలే. కళ్ళు మండుతున్నాయి. లైటు మార్చాను. చెప్పలేదు."

"9 పేజీలు. రాణి ఈగ దగ్గర నవ్వింది. ఎందుకో అడగలేదు."

"2 పేజీలు. నాతో మాట్లాడలేదు. తప్పు నాదే."

"నా కుర్చీ దానంతటదే దిగిపోయిందనుకున్నాను," అంది అత్తయ్య మెల్లగా.

నేను సిగ్గుతో గోడకేసి చూస్తూ నిలబడ్డాను. మామయ్య వెళ్ళి మోటారు వెనక దాక్కున్నాడు. ఆమె మాత్రం కదల్లేదు. మొదటి రోజునుంచి అన్నీ చదివింది. మధ్యలో ఒకసారి ముక్కు చీదింది, రెండుసార్లు పకపకా నవ్వింది.

"అత్తయ్యా, ఇంకా పన్నెండు పేజీలున్నాయి," అని గుర్తుచేశాను.

"ఉండరా. కొత్త ఫోల్డరు ఎలా పెట్టాలి?"

చూపించాను. కళ్ళజోడు సర్దుకుని, ఆ రోజు తేదీ వేసి, ఒక్క తప్పు లేకుండా చకచకా కొట్టింది:

"పేజీలు సున్నా. మా ఆయన్ని చదివాను."